కేసు బాగానే చేశారు, ఆఫర్ ఎందుకు రాలేదు?

మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్, అంటే కంపెనీలకు వ్యాపార సలహాలిచ్చే ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చినవాళ్ల అనుభవాలు వరుసగా నాలుగు వింటే ఒక విచిత్రం కనిపిస్తుంది. "అన్నీ కరెక్టుగా చెప్పాను, ఎదుటివాళ్లు నవ్వుతూ మాట్లాడారు, లెక్కలో ఒక్క తప్పూ పోలేదు" అన్నవారికి రిజెక్ట్ మెయిల్ వస్తుంది. "గుణకారంలో ఒక సున్నా వదిలేశాను, మధ్యలో కాసేపు నోట మాట రాలేదు, ఇక అయిపోయిందనుకున్నాను" అన్నవారికి తర్వాతి రౌండుకు పిలుపు వస్తుంది. చాలామంది దీన్ని అదృష్టం ఖాతాలో వేసేస్తారు. అదృష్టం పాత్ర కొంత ఉన్న మాట నిజమే. కానీ ఎక్కువ సందర్భాల్లో కారణం వేరు. ఇంటర్వ్యూ నడుస్తున్నంతసేపూ అభ్యర్థి లెక్కపెట్టుకునేవి ఒకటి, ఎదుటి మనిషి రాసుకునేవి మరొకటి. తన జవాబు ఒప్పా తప్పా అన్నది అభ్యర్థికి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి దాన్నే పట్టుకుంటారు. ఆ జవాబు దగ్గరికి ఎలా వచ్చారు, వచ్చాక ఏం చేశారు అన్నది వాళ్లకే సరిగా కనిపించదు. మార్కులు పడేది ఎక్కువగా అక్కడే.

ఈ రంగంలో అందరూ ముందుగా చెప్పే పేర్లు మూడు. మెకిన్సే 1926లో మొదలైంది, బీసీజీగా పిలిచే బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1963లో, బెయిన్ 1973లో. వీళ్లకు ఫ్యాక్టరీలు లేవు, చేతికిచ్చే సరుకు లేదు. క్లయింటు డబ్బు కట్టేది మనుషుల ఆలోచనకు. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రవాడో అమ్మాయో చేరిన కొన్ని వారాలకే ముప్పయ్యేళ్ల అనుభవమున్న మేనేజర్ ఎదుట కూర్చుని, ఆయన విభాగం గురించి ఆయన్నే ప్రశ్నలు అడగాల్సి వస్తుంది. మార్కుల జాబితా చూసి అలాంటి మనిషిని ఎంచుకోలేరు. అందుకే కేసు ఇంటర్వ్యూ. వ్యాపార సమస్య ఒకటి ఇచ్చి, దాన్ని పైకి మాట్లాడుతూ విప్పమంటారు. చాలాసార్లు ఆ కేసు ఇంటర్వ్యూ చేసేవారు ఒకప్పుడు పనిచేసిన ప్రాజెక్టే, పేర్లూ అంకెలూ మార్చి అడుగుతారు.

అంతకు ముందే ఒక వడపోత ఉంటుంది. మెకిన్సే గతంలో 60 నిమిషాల్లో 26 ప్రశ్నలకు జవాబులు గుర్తించే రాత పరీక్ష పెట్టేది. దాని స్థానంలో కంప్యూటర్ ఆట వచ్చింది. ఏయే జీవులు కలిసి ఉంటే ఆహార గొలుసు నిలబడుతుందో మొదట్లో అందులో ఎంచాల్సి ఉండేది. చివరి జవాబుతో పాటు అక్కడికి చేరిన దారిని కూడా ఆ ఆట నమోదు చేసుకుంటుంది. బీసీజీలో చాట్ కిటికీలో కేసు నడిపించే పద్ధతి ఉంది. ఈ దశ గురించి అభ్యర్థులు చెప్పేవి పెద్దగా ఉపయోగపడవు. ఎదుట మనిషి ఉండరు, ఎక్కడ పోయిందో తెలిసే దారి ఉండదు, మిగిలేది ఊహాగానమే.

ఒక కేసు లోపలికి వెళితే

ఇలాంటి కేసుల తరహాలో ఒకటి కల్పించి చూద్దాం. లిఫ్టులు తయారుచేసే సంస్థ ఒకటి ఉంది. కొత్త లిఫ్టుల అమ్మకాలు బాగానే ఉన్నాయి. అమ్మిన లిఫ్టులకు మెయింటెనెన్స్ చూసే విభాగంలో మాత్రం ఏడాది లాభం 1.8 కోట్ల నుంచి 1.2 కోట్లకు పడిపోయింది. ఎందుకు పడిపోయింది, ఏం చేయాలి?

మొదటి అభ్యర్థి రెండు నిమిషాలు సమయం అడిగి కాగితం మీద చెట్టు గీస్తారు. ఒక కొమ్మకు ఆదాయం, దాని కింద ధర, సంఖ్య. ఇంకో కొమ్మకు ఖర్చు, దాని కింద స్థిర ఖర్చు, మారే ఖర్చు. పక్కన పోటీదారులు, కస్టమర్లు, మార్కెట్ పరిస్థితి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే అదే చెట్టు సబ్బుల కంపెనీకీ సరిపోతుంది, బ్యాంకుకీ సరిపోతుంది. ఎదుటివాళ్లు తలూపి "బాగుంది, తర్వాత?" అంటారు. అభ్యర్థికి ఆ "బాగుంది" మాత్రమే వినిపిస్తుంది.

రెండో అభ్యర్థి చెట్టు గీసే ముందు ఒక్క ప్రశ్న అడుగుతారు: "మెయింటెనెన్స్‌కు ఏడాదికి ఒకే రుసుము తీసుకుంటారా, మెకానిక్ వచ్చిన ప్రతిసారీ బిల్లు వేస్తారా?" ఏడాదికి ఒకే రుసుము అని జవాబు వచ్చిందంటే కేసు రూపమే మారిపోతుంది. అప్పుడు మెకానిక్ వెళ్లిన ప్రతిసారీ సంస్థకు ఖర్చే తప్ప పైసా రాబడి ఉండదు. ఇక చూడాల్సినవి నాలుగే: ఎన్ని ఒప్పందాలు, ఒక్కో దానికి రుసుమెంత, ఒక్కో లిఫ్టుకు ఏడాదికి ఎన్నిసార్లు వెళుతున్నారు, వెళ్లిన ప్రతిసారీ ఎంతవుతోంది. ఈ చెట్టు లిఫ్టుల మెయింటెనెన్స్‌కు తప్ప ఇంకెక్కడా అతకదు. ఇంటర్వ్యూలు చేసేవారు "స్ట్రక్చర్" అన్నప్పుడు ఆశించేది దీన్ని.

తర్వాత అంకెలు ఇస్తారు. ఒప్పందాలు 40,000, రుసుము 1,500, రెండేళ్లలోనూ మార్పు లేదు. అంటే ఆదాయం 6 కోట్ల దగ్గరే ఉంది. ఒక్కో ఒప్పందం మీద ఖర్చు మాత్రం 1,050 నుంచి 1,200కు పెరిగింది. ఇక్కడ ఒకరు 150ని 40,000తో గుణించి "6 లక్షలు" అనేస్తారు. అని, ఆగి, "లాభం 60 లక్షలు తగ్గింది కదా, ఖర్చు 6 లక్షలే పెరగడమేమిటి? ఎక్కడో సున్నా పోయింది" అని సరిచేసుకుంటారు. బయటికొచ్చాక ఆయన గుర్తుపెట్టుకునేది ఆ పోయిన సున్నానే. ఎదుటివాళ్లకు గుర్తుండేది వచ్చిన అంకెను అడగకుండానే సరిచూసుకున్నాడన్న సంగతి. తప్పు పోయినా పట్టుకునేవాడు క్లయింటు గదిలో ప్రమాదం కాదు. తప్పు అంకె మీద ధీమాగా ముందుకు సాగేవాడు ప్రమాదం. అలాగని లెక్కలు ఎలా చేసినా చెల్లుతుందని కాదు. ఒకే కేసులో మూడుసార్లు తడబడితే ఎవరూ వెనకేసుకురారు.

కేసు అసలు మలుపు దీని తర్వాత వస్తుంది. ఇంతకుముందు ఏడాదికి 6 సార్లు వెళ్లేవారు, ఒక్కోసారికి 175 అయ్యేది. ఇప్పుడు 8 సార్లు వెళుతున్నారు, ఒక్కోసారికి 150 అవుతోంది. ఈ కాగితం చేతికిస్తే ఎక్కువమంది "వెళ్లే సంఖ్య రెండు పెరిగింది, ఒక్కోసారి ఖర్చు 25 తగ్గింది" అని చదివి వినిపించి ఆగిపోతారు. చదివింది సరిగ్గానే చదివారు. కానీ కాగితం మీద ఉన్నది ఇచ్చినవాళ్లకు ముందే తెలుసు కదా. వాళ్లు ఎదురుచూసేది ఆ తర్వాతి వాక్యం కోసం: "ఒకే ఏడాదిలో ఒకటి తగ్గి ఇంకోటి పెరిగిందంటే రెండింటికీ మూలం ఒకే నిర్ణయం కావచ్చు. తక్కువ జీతానికి అనుభవం లేని మెకానిక్‌లను తీసుకున్నారా? ఒక్కసారిలో అయ్యే రిపేరుకు రెండుసార్లు వెళ్లాల్సి వస్తోందా?" ఇంకాస్త ముందుకెళ్లేవారు, "లిఫ్టులు పాతబడినా ఇలాగే జరుగుతుంది, కాబట్టి లిఫ్టు వయసును బట్టి అంకెలు విడదీసి చూడాలి" అంటారు. ఇంకొకరు గబగబా లెక్కవేసి, "150 చొప్పున 7 సార్లు వెళ్తే పాత ఖర్చు 1,050కే వస్తుంది. కాబట్టి ఖరీదైన మెకానిక్‌లను వెనక్కి పిలవనక్కర్లేదు, ఏడుకు తగ్గించగలిగితే చాలు, ఆపైన తగ్గిందంతా లాభమే" అంటారు.

ఎదుటివాళ్ల కలం కదిలేది ఈ వాక్యాల దగ్గర. ఇవి చెప్పనివారికి మాత్రం తాము ఏదో వదిలేశామన్న స్పృహే ఉండదు. అడిగిన ప్రతిదానికీ సరైన జవాబే చెప్పారు కాబట్టి కేసు బాగా చేశామన్న నమ్మకంతోనే బయటికొస్తారు.

బట్టీ పట్టిన చెట్లు, అర్థంకాని సూచనలు

బీసీజీ మార్కెట్ వాటాకూ వృద్ధికీ ముడిపెట్టిన నాలుగు గళ్ల పటం 1970 నాటిది. ఒక పరిశ్రమలో పోటీ ఎంత తీవ్రమో అంచనా వేసే మైకేల్ పోర్టర్ ఐదు శక్తుల నమూనా 1979లో వచ్చింది. రెండూ మంచి పనిముట్లే. అయితే పాతికేళ్లు దాటని అభ్యర్థి వాటి పేర్లు చెప్పినంత మాత్రాన ఎవరూ ముచ్చటపడరు. ఇంటర్వ్యూ చేసేవారు వాటిని అదే రోజు అప్పటికే నాలుగుసార్లు విని ఉంటారు. జ్వరమైనా కాలు విరిగినా ఒకే మాత్ర రాసే డాక్టరులా, ఏ కేసుకైనా అదే పటం గీసేవారిని మొదటి మూడు నిమిషాల్లోనే గుర్తుపట్టేస్తారు. మెకిన్సేలో 1963లో చేరిన బార్బరా మింటో ద్వారా ప్రచారంలోకి వచ్చిన "మీసీ" సూత్రానికీ ఇదే గతి పట్టింది. ఒకదానిలోది ఇంకోదానిలో రాకుండా, ఏదీ బయట మిగిలిపోకుండా సమస్యను విడగొట్టాలన్నది దాని సారం. దాన్ని పాటించడం కోసమే కొందరు ప్రతి కొమ్మనూ సమానంగా సాగదీస్తారు. ఏ కొమ్మలో సమస్య ఉండే అవకాశం ఎక్కువో చెప్పరు. అన్నీ సమానమే అన్నవాడు ఏదీ చెప్పనట్టే లెక్క.

సూచనల సంగతి ఇంకా చిత్రం. ఇంటర్వ్యూ చేసేవారికి అభ్యర్థిని పడగొట్టాలన్న ఉద్దేశం మామూలుగా ఉండదు. దారి తప్పితే అందించడానికి చిన్నచిన్న సూచనలు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. "ఇది కాకుండా వేరే ఏమైనా ఉండొచ్చా?" అన్నారంటే, చాలావరకు అటు వెళ్లొద్దనే అర్థం. టెన్షన్‌లో ఉన్న అభ్యర్థి దాన్ని మాటవరసకు అడిగిన ప్రశ్నగా తీసుకుని "ఉండొచ్చు, కానీ ముందు ఇది పూర్తిచేస్తాను" అంటారు. ఇంకొందరికి అదే ప్రశ్న దాడిలా వినిపిస్తుంది, తమ మాటను సమర్థించుకోవడం మొదలుపెడతారు. సూచన ఇవ్వాల్సి వచ్చిందన్నది పెద్ద లోపం కాదు. దాన్ని అందుకున్న తీరు మీద మాత్రం వ్యాఖ్య పడుతుంది. రేపు క్లయింటు "మా దగ్గర అలా జరగదండీ" అన్నప్పుడు ఈ మనిషి ఏం చేస్తారో తెలిసేది అక్కడే మరి.

"మధ్యమధ్యలో ఆపేస్తూనే ఉన్నారు, నచ్చలేదేమో" అని ఒకరు బాధపడతారు. "ఒక్క మాటా మాట్లాడలేదు, గోడతో మాట్లాడినట్టుంది" అని ఇంకొకరు. ఇందులో చాలాభాగం సంస్థల పద్ధతుల్లోని తేడా. మెకిన్సే తరహాలో ఇంటర్వ్యూ చేసేవారే కేసును ఒక ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్నకు నడిపిస్తారు, మధ్యలో ఆపడం అందులో భాగం. బీసీజీ, బెయిన్‌లలో ఎక్కువగా అభ్యర్థే నడిపించాలి, అక్కడ మౌనమంటే "తర్వాతేమిటో మీరే చెప్పండి" అని. ఇక నవ్వుముఖం సంగతి. అందరితో స్నేహంగా ఉండడం వాళ్ల పనిలో భాగం. పదో నిమిషంలోనే వద్దనుకున్న అభ్యర్థితో కూడా మిగిలిన అరగంట ఆప్యాయంగానే మాట్లాడి పంపిస్తారు. దాన్నుంచి ఫలితం ఊహించడమంత వృథా పని లేదు.

2020 తర్వాత వీడియో ఇంటర్వ్యూలు పెరిగాక ఈ గందరగోళం ఇంకాస్త ముదిరింది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కాగితం అటు తిప్పి చూపిస్తూ మాట్లాడొచ్చు. తెర మీద ఆ సౌలభ్యం లేదు. మనసులో ఉన్న చెట్టును మాటలతోనే కట్టి చూపించాలి. పరాయి భాషలో కేసు చేసేవారికి ఇది రెట్టింపు భారం.

కేసు కాని భాగం

చాలామంది తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది వ్యక్తిగత అనుభవం రౌండులో. పట్టుమని పదిహేను నిమిషాలు ఒకే సంఘటన మీద తవ్వుతారు. ఎవరితోనో విభేదం వచ్చింది, మీరు ఒప్పించారు, సరే. మొదట ఏమన్నారు? ఆయనేమన్నారు? అప్పుడు మీకేమనిపించింది? వేరే దారి ఆలోచించారా? నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి అద్దం ముందు ప్రాక్టీసు చేసిన కథ అయిపోతుంది, అక్కడినుంచి జ్ఞాపకం మాత్రమే పనికొస్తుంది. నిజంగా జరిగినదైతే వివరాలు వాటంతటవే వస్తాయి. అతికించిన కథ ఇక్కడ చీలుతుంది. "మేమంతా కలిసి చేశాం" అని వినయంగా చెప్పేవారికి ఇంకో చిక్కు. జట్టును కలుపుకుని మాట్లాడడం మంచి అలవాటే, కానీ అందులో మీరు చేసిందేమిటో తేలకపోతే రాసుకోవడానికి వాళ్లకేమీ దొరకదు.

చివరి రౌండులో పార్ట్‌నర్లు, అంటే సంస్థలో అందరికంటే పైనుండే సీనియర్లు వస్తారు. ఇక్కడ కేసు వదులుగా ఉంటుంది, కొన్నిసార్లు అంకెలే ఉండవు. వార్తల్లోని ఒక విషయం మీద సంభాషణలా సాగిపోవచ్చు. అప్పటికే బుర్ర పనిచేస్తుందని తేలిపోయింది కాబట్టి, క్లయింటు ముందు కూర్చోబెట్టగలమా అన్నదాని మీదికి దృష్టి మళ్లుతుంది. అభిరుచులూ పోలికలూ దూరేది కూడా ఇక్కడే. సామాజిక శాస్త్రవేత్త లారెన్ రివేరా అమెరికాలోని పెద్ద కన్సల్టింగ్ సంస్థలు, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, లా సంస్థల్లో నియామకాలు చేసే 120 మందితో మాట్లాడి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటర్వ్యూ దశలో తమ సంస్కృతికి కుదిరే మనిషా కాదా అన్నదే అన్నిటికంటే ముఖ్యమని సగానికి పైగా చెప్పారట. ఒకే రకం ఆటలు, ఒకే రకం ప్రయాణాలు, ఒకే రకం చదువు ఉన్నవారి మధ్య మాట ఇట్టే కలుస్తుంది. కేసు ఉండడం వల్ల కన్సల్టింగ్‌లో దీనికి కొంత అడ్డుకట్ట ఉందనుకోవచ్చు. పూర్తిగా పోయిందనడం మాత్రం అమాయకత్వం.

మరి ఈ ఇంటర్వ్యూలు కొలవాల్సినదాన్ని కొలుస్తాయా? 2022లో పాల్ సాకెట్ బృందం పాత పరిశోధనల అంకెలను తిరిగి లెక్కగట్టింది. ఉద్యోగంలో పనితీరును ముందుగా చెప్పే పద్ధతుల్లో ఒకే ప్రశ్నలు, ఒకే కొలమానం ఉన్న ఇంటర్వ్యూలు అన్నిటికంటే పైన నిలిచాయి. అక్కడ కూడా ఇంటర్వ్యూ మార్కులకూ పనితీరుకూ మధ్య సహసంబంధం 0.42, పూర్తిగా సరిపోలితే అది 1 అవుతుంది. అంటే మనుషుల పనితీరులో కనిపించే తేడాల్లో సుమారు 18 శాతాన్నే అది వివరిస్తుంది. కేసు ఇంటర్వ్యూ సగమే అలాంటిది. కొలమానం ఒకటే అయినా కేసులు వేరు, అడిగేవారు వేరు. కాబట్టి అంచు మీద ఉన్న అభ్యర్థి ఒక గదిలో నెగ్గి ఇంకో గదిలో పోవడంలో ఆశ్చర్యం లేదు. తర్వాత ఇంటర్వ్యూ చేసినవారంతా కూర్చుని మాట్లాడుకుంటారు. అన్నింటా "ఫర్వాలేదు" అనిపించుకున్నవారికంటే, ఒక విషయంలో గట్టిగా మెప్పించి, తన తరఫున మాట్లాడే ఒక్క మనిషిని సంపాదించుకున్నవారికి అవకాశం ఎక్కువ.

అనుభవాలను చదవడం ఎలా

ఇదంతా తెలియక అభ్యర్థులు ఏం చేస్తారంటే, ఇంకా ఎక్కువ కేసులు ప్రాక్టీసు చేస్తారు. ముప్పై, యాభై, కొందరు అంతకంటే ఎక్కువ. ఎవరితో చేస్తారన్నది పట్టించుకోరు. ఇద్దరు కొత్తవాళ్లు ఒకరికొకరు ఇంటర్వ్యూ చేసుకుంటే ఫీడ్‌బ్యాక్ ఎలా ఉంటుంది? "స్ట్రక్చర్ బాగుంది, లెక్క కొంచెం నెమ్మది." ఇద్దరికీ కనిపించేవి అవే. అంకె చెప్పాక రావాల్సిన వాక్యం రాలేదన్నది ఇద్దరికీ తెలియదు. ఆ లోపం యాభై కేసుల తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది, పైపెచ్చు మాట తీరు నున్నబడి కప్పబడిపోతుంది కూడా. ఆ రంగంలో పనిచేస్తున్న ఒక సీనియర్ ముందు నాలుగు కేసులు చేస్తే ఇంతకంటే మేలు. ఆ సీనియర్ అందరికీ దొరకరు, అసలు అసమానత అదే. సంస్థలు ఏటా వచ్చే విద్యాసంస్థల్లో వాళ్లకు కొదవ ఉండదు. బయటినుంచి దరఖాస్తు చేసేవారికి డబ్బు పెట్టి కోచ్‌ను పెట్టుకోవడమో, ఇతరుల అనుభవాలు చదువుకోవడమో మిగులుతుంది.

ఆ అనుభవాల్లో నమ్మదగినవి ఉన్నాయి. ఎన్ని రౌండ్లు, ఎంతసేపు, ఎవరు వచ్చారు, కేసు ఎవరు నడిపారు, అంకెలు నోటితో ఇచ్చారా కాగితం మీద ఇచ్చారా, ఇవన్నీ జరిగినవి, చూసినవి. "నేను ఫలానా చేశాను కాబట్టి వచ్చింది" అన్న వాక్యం దగ్గర ఆగాలి. అది ఊహ. మార్కుల కాగితం ఆయనా చూడలేదు. పైగా నెగ్గినవారు ఉత్సాహంగా చెబుతారు, పోయినవారిలో ఎక్కువమంది నోరు విప్పరు. అదే పని చేసి పోయినవారెందరో తెలియకుండా దాన్ని సూత్రంగా తీసుకోలేం.

ఆఫర్ వచ్చాక కూడా అన్నీ అభ్యర్థి చేతిలో ఉండవు. 2023లో గిరాకీ తగ్గినప్పుడు కొన్ని పెద్ద సంస్థలు అప్పటికే ఎంపికైనవారి చేరే తేదీలను నెలల తరబడి వెనక్కి జరిపాయి. అలాంటి ఏడాదిలో గీత కూడా పైకి జరుగుతుంది. మునుపటి ఏడాది ఎంపికయ్యే స్థాయి ఈసారి చాలకపోవచ్చు. అది ఎవరి అనుభవంలోనూ కనిపించదు.

పోయినవారికి ఒక్కోసారి ఫోనులో రెండు మూడు వాక్యాల ఫీడ్‌బ్యాక్ దొరుకుతుంది. తరచుగా వినిపించేది "ఇన్‌సైట్ ఇంకాస్త ఉండాల్సింది" అన్నది. దీన్ని చాలామంది వ్యాపార జ్ఞానం తక్కువైందన్న అర్థంలో తీసుకుని, పరిశ్రమల నివేదికలు చదవడం మొదలుపెడతారు. సంస్థలు మామూలుగా ఏడాది నుంచి రెండేళ్ల వరకు మళ్లీ దరఖాస్తు చేయనివ్వవు కాబట్టి చదవడానికి సమయమూ బోలెడు. ఆ గడువు అయ్యాక విమానయానం గురించీ మందుల కంపెనీల గురించీ చాలా తెలుసుకుని వస్తారు. కాగితం చేతికిస్తే మాత్రం మళ్లీ దాని మీదున్న అంకెలనే చదివి వినిపిస్తారు.